వంద నుంచి నలభై దాకా

ఎర్ర అంకెలు వంద దగ్గరికి వచ్చాయి. ఇక మిగిలింది గంట. నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున ఫర్నేస్ నలభైకి దిగాలంటే అరవై నిమిషాలు పడుతుంది, ఈ లెక్కకి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ప్రొఫెసర్ కానక్కర్లేదు, మూడో తరగతి చదువు చాలు, అయినా ఆవిడ పొద్దుటి నుంచి ఐదుసార్లు వేసింది, ఐదుసార్లూ అరవయ్యే వచ్చింది, ఒక్కసారైనా నలభై అయిదు రాకూడదా అని ఉంది. కిటికీ లేని గది. గోడకి ఆనించిన పొడుగు బల్ల, దాని మీద ఇటుకల్లో పడుకోబెట్టినట్టు ఫర్నేస్, ఫర్నేస్ కడుపులో క్వార్ట్జ్ ట్యూబు, ట్యూబులో పడవ అని పిలుచుకునే అరచేయంత పళ్ళెం, పడవలో వేలిగోరంత పలక, ఆ పలక మీద కంటికి ఆననంత పలచగా ఒక లేత పసుపు పొర. ఆవిడ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగమంతా ఆ పొరే. బయటివాళ్ళకి చెప్పాలంటే అద్దంలా కనబడుతూ రాగితీగలా కరెంటు మోసే పదార్థం అంటుంది, వాళ్ళు ఓహో అంటారు, అంతటితో ఆ ముచ్చట అయిపోతుంది. ఇవాళ మాత్రం ఓహోలతో పోయేది కాదు. లోపలున్నది కొత్త ట్యూబు. పాత ట్యూబు నెల కిందట పగిలింది. ఈ పొర పాతదాని పొరలంత బాగా వస్తే ఇన్నేళ్ళ ఫలితాలూ తనవి. రాకపోతే అవన్నీ ఆ గాజు గొట్టానివి. రిటైర్మెంటుకి పద్నాలుగు వారాలుండగా తెలుసుకోవలసిన సంగతా ఇది!

తొంభై ఎనిమిది. పగలగొట్టింది మరెవరో అయితే కనీసం కోప్పడి ఊరుకునేది. పగలగొట్టింది తనే. ఎవరింటికైనా వెళితే తలుపు తట్టి లోపలికి వెళ్ళమూ, అలా ట్యూబు తెరిచే ముందు చేతిలో ఉన్న క్వార్ట్జ్ కడ్డీతో మెల్లగా రెండుసార్లు తట్టడం ఆవిడకి అలవాటు. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. విద్యార్థులు చూసి నేర్చుకున్నారు, వాళ్ళలో కొందరు ఎక్కడెక్కడో ల్యాబులు పెట్టుకుని అక్కడా తడుతున్నారట, ఇదేదో శాస్త్రంలో భాగమనుకుని. ఆ రోజు ఒకటి తట్టింది, టంగుమంది. రెండోది తట్టింది, టక్కుమంది. శబ్దం విన్నాక చూడనక్కర్లేకపోయింది. ఆ ట్యూబు ఇరవై ఎనిమిదేళ్ళు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, గాజు రంగు పోయి పాల రంగుకి తిరిగింది, ఒళ్ళంతా గరుకు తేలింది, దాని ప్రాణం అప్పటికే కొసన ఉంది. ఇంటికి వెళ్ళి చెబితే ఆయన పేపరు దించి, "పోయిందా నా సవతి!" అన్నాడు. డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాడు, పెళ్ళయిన కొత్తలోనే ఆ ట్యూబుకి ఆ పేరు పెట్టాడు, మగవాడికి సవతేమిటని ఆవిడ దెబ్బలాడితే, సాయంత్రం ఏడింటిదాకా నువ్వు ఎవరి దగ్గరుంటావో వాళ్ళే నాకు సవతి అన్నాడు. ఆ రోజు మాత్రం ఆవిడ మొహం చూసి వేళాకోళం ఆపేశాడు. లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. "భయంగా ఉందా?" అన్నాడు. దేనికీ అంటూ నీళ్ళు నమిలింది.

తొంభై ఒకటి. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తొందరమ్మ తిరుగుతోంది. ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న ఆఖరి విద్యార్థిని, అసలు పేరుతో పిలిచి రెండేళ్ళయింది, ఏ పనైనా అయ్యేలోపే అయిపోయిందా అని అడుగుతుంది గనక తొందరమ్మ. మూలన స్టూలు మీద గాజు మేస్త్రి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు, నిద్రో కాదో తెలియదు. డిపార్టుమెంటుకి కావలసిన గాజు సామాను అంతా ఊది, వంచి, అతికి ఇచ్చింది ఆయనే, రిటైరై నాలుగేళ్ళయినా రోజూ వచ్చి తన గాజు గదిలో కూర్చుంటాడు, ఇంట్లో ఊదడానికి ఏమీ లేదంటాడు. ఈ కొత్త ట్యూబు తెచ్చి అమర్చిందీ ఆయనే. నిన్నంతా ఫర్నేస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీటి మట్టం పెట్టి చూసుకున్నాడు, వెంట్రుకవాసి తేడా వేలికి తగిలిందని విప్పి మళ్ళీ బిగించాడు. పనివాడితనం అంటే అదీ. తను మాత్రం, ఇంత పేరున్న ప్రొఫెసర్, తన బతుక్కి ఇంత ముఖ్యమైన రంగంలోకి ఎలా వచ్చింది? పొరపాటున వచ్చింది. నవ్వొచ్చింది ఆవిడకి.

చదువుకునే రోజుల్లో ఆవిడ కోరిక పెద్ద పెద్ద యంత్రాలు. కరెంటు తయారయ్యే చోట, భూమి అదిరే చోట, ఇనప మెట్లెక్కి పైనుంచి చూస్తూ ఉద్యోగం చెయ్యాలని. గైడుని ఎంచుకోవలసిన రోజు బస్సు తప్పిపోయి గంట ఆలస్యంగా వెళితే, యంత్రాల వాళ్ళందరినీ మిగతావాళ్ళు పంచేసుకున్నారు, ఎవరూ ఒల్లని గైడు ఒక్కడు మిగిలాడు, నేలమాళిగలో కిటికీ లేని గదిలో సెమీకండక్టర్లంటూ ఏవో పొరలు పెంచుకునే గురువుగారు. మొదటి రోజు ఏడుస్తూ దిగింది ఈ మెట్లు. గురువుగారు తలెత్తి చూడలేదు, "ఆ స్క్రూ అందుకో" అన్నారు. అందుకుంది. అంతే, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అందుకుంటూనే ఉంది. భూమి అదిరే యంత్రాలు అడగబోతే కంటికి కనబడని పొర చేతికొచ్చింది, కానీ ఆ పొరని మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు, వరసకి వరస తిన్నగా నిలబడిన ఆ పలుకులు చూసినప్పుడు, యంత్రాల సంగతి ఆ పూటకే మర్చిపోయింది. మనసు మార్చుకోవడంలో తనంత తేలికైన మనిషి లేదని అక్క దెప్పేది. అక్క! అసలు నెమ్మదిగా చల్లార్చే ఈ పద్ధతి దొరికిందే అక్కతో పోట్లాటలో. అప్పట్లో పొర పట్టగానే పడవని బయటికి లాగేసేవాళ్ళు, గురువుగారి పద్ధతి అది. ఒకరోజు సరిగ్గా లాగబోయే వేళకి వరండాలో ఫోను మోగింది, అక్క, అమ్మ కుట్టుమిషను ఎవరికి దక్కాలన్న విషయం మీద. అమ్మ నిక్షేపంగా ఉంది, మిషను కుడుతూనే ఉంది, అయినా అక్కాచెల్లెళ్ళు గంటన్నర ఒంటికాలి మీద లేచి వాదించుకున్నారు, వచ్చి చూసేసరికి ఫర్నేస్ దానంతటది చల్లబడి ఉంది. పాడైందనుకున్న ఆ పొర కొలిస్తే గురువుగారి పొరలన్నింటినీ మించిపోయింది. ఆ తర్వాత ఏడేళ్ళు పట్టింది నిమిషానికి ఒక డిగ్రీ అని తేల్చడానికి, ముఖ్యంగా వంద నుంచి నలభై దాకా మూత తియ్యకూడదని తేల్చడానికి. వేడి మీద గాలి తగిలిందా, పొర పై వరస చెదిరిపోతుంది. వందకి వచ్చాక ఇంకేముందిలే అని అందరూ తెరిచేస్తారు, పరిశోధన పేపర్లో రాసినా తెరిచేస్తారు, రాసింది చదవకుండా బాగా రాలేదంటారు. పేపరులో తన పేరు వెయ్యలేదని అక్క ఇప్పటికీ సాధిస్తుంది. మిషను కూడా తనే పట్టుకుపోయింది.

డెబ్బై తొమ్మిది. డెబ్బై తొమ్మిది. ఇంకా డెబ్బై తొమ్మిదే. అప్పుడప్పుడు ఇలా ఒక అంకె దగ్గర మొండికేస్తుంది.

"మేడం, ఫ్యాను పెడదామా?" అంది తొందరమ్మ.

"పెట్టి చూడు, నిన్ను కూడా ఇందులోనే పెడతా."

మేస్త్రి కళ్ళు తెరవకుండానే నవ్వాడు. నిద్రపోవడం లేదన్నమాట.

నూట పన్నెండు. ఆ అంకె ఆవిడకి ఇంటిపేరయిపోయింది. పొరలో ఎలక్ట్రాన్లు ఎంత అడ్డూ ఆపూ లేకుండా పరుగెత్తగలవో చెప్పే అంకె అది, ఎంత ఎక్కువైతే అంత మంచిది. వేరే ల్యాబులు కిందామీదా పడి తొంభై తెచ్చుకుంటే ఆవిడ పొరలు నూట పన్నెండు ఇచ్చేవి, నూట పది, నూట పదకొండు, నూట పన్నెండు, ఏళ్ళ తరబడి అంతే, సమావేశాల్లో వెనక బెంచీలవాళ్ళు అదుగో నూటపన్నెండమ్మ వచ్చింది అనుకోవడం చెవిన పడేది, పడనట్టు నడిచేది గానీ ఆ నడకలో కాస్త దర్జా ఉండేదని ఆవిడకి తెలుసు. ఆ అంకెతో మొదటి పెద్ద పేపరు పంపినప్పుడు ముగ్గురు సమీక్షకుల్లో ఒకడు బాగుందన్నాడు, రెండోవాడు తన పేపర్లు నాలుగు ప్రస్తావించమన్నాడు, మూడోవాడు రెండే రెండు వాక్యాలు రాశాడు. ఈ ఫలితం రచయిత్రి పద్ధతి వల్ల వచ్చిందో ఆమె ట్యూబు వల్ల వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇంకో ట్యూబులో చేసి చూపిస్తే నమ్ముతాను. అంతే. పేరు లేదు, ఊరు లేదు, మర్యాద తప్పలేదు, కానీ ఆ రెండు వాక్యాలు వచ్చి తిన్నగా గుండెలో కూర్చున్నాయి. ఆవిడ మూడు పేజీల జవాబు రాసింది. గ్రాఫులు వేసింది, లెక్కలు కట్టింది, గాజులోని మలినాలు పొరలోకి ఎందుకు చేరవో సూత్రాలతో సహా నిరూపించింది. సంపాదకుడు మెచ్చుకుని అచ్చు వేశాడు. అంత రాసిన మనిషి, అడిగిన ఒక్క పనీ చెయ్యలేదు. ట్యూబు మార్చడం ఒక రోజు పని.

ఒక రోజు పని! అరవై ఎనిమిది. ఎందుకు చెయ్యలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణాలు సిద్ధంగా ఉండేవి, పరీక్షలయ్యాక అని, ఈ విద్యార్థి థీసిస్ అయ్యాక అని, సెలవుల్లో అని. చూస్తూ చూస్తూ ఇరవై ఆరేళ్ళు గడిచిపోయాయి. ఏడాదికోసారి ఫర్నేస్ శుభ్రం చేసేటప్పుడు మేస్త్రి ట్యూబుని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, "తెల్లబడిపోతోందమ్మా, కొత్తది వేద్దామా?" అనేవాడు. "వద్దు మేస్త్రీ, దీనికి పని అలవాటైంది," అనేది. పోనీ యాసిడ్‌తో కడుగుదామా అంటే అదీ వద్దనేది. కొత్తగా చేరిన విద్యార్థులకి మొదటి పాఠం అదే, ఏం ముట్టుకున్నా ముట్టుకోండి, ట్యూబు జోలికి మాత్రం వెళ్ళకండి. మేడంకి ఆ ట్యూబు అదృష్టమట అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ కాదనలేదు. శాస్త్రం చదువుకున్నదానికి అదృష్టం ఏమిటని ఎవరైనా ఎగతాళి చేసినా ఫరవాలేదనిపించేది, అసలు సంగతి తెలియకపోతే చాలు. అసలు సంగతి ఏమిటంటే, పైకి మూడు పేజీలు రాసింది గానీ లోలోపల ఆవిడ మూడో సమీక్షకుణ్ణే నమ్మింది. ఆ గాజులో ఏదో ఉంది, ఎప్పుడో ఎవరో ముట్టుకున్న వేలి మరకో, ఏ పాత ప్రయోగం తాలూకు ధూళో, ఆ మురికే ఈ గొప్పంతా చేస్తోంది, తను దాని పక్కన నిలబడి పేరు కొట్టేస్తోంది. ఈ మాట ఇంట్లో ఆయనతో కూడా అనలేదు.

అరవై. ఒకవేళ తొంభై వస్తే? వస్తే రానీ. నలభై ఒక్కమంది విద్యార్థులు ఇక్కడ పొరలు పెంచి, డాక్టర్లమని పేరు ముందు తగిలించుకుని వెళ్ళారు, వాళ్ళందరికీ ఉత్తరం రాయాలి. ఏమని? నాయనా, మనం పూజించింది మురికిని అనా? ఆవిడ మనసులోనే ఆ ఉత్తరం మొదలుపెట్టింది, మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేసింది, నాలుగోసారి బాగానే కుదిరింది, రెండో వాక్యం దగ్గర కూతురు గుర్తొచ్చింది. బడి అయ్యాక దాన్ని ఇక్కడికే తెచ్చి ఈ బల్ల కింద కూర్చోబెట్టేది, రంగు పెన్సిళ్ళిచ్చి. ఎర్ర అంకెలు చూసి చూసి పిల్లకి అంకెలు వెనక నుంచి వచ్చాయి, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది, నలభై దాకా గడగడా అప్పజెప్పి అక్కడ ఆగి చప్పట్లు కొట్టేది, అంకెలు అక్కడితో అయిపోతాయనుకుని. టీచరు పిలిపించి మీ అమ్మాయికి ఒకటీ రెండూ రావేమిటండీ అని అడిగింది. ఇప్పుడదే అమ్మాయి చిన్నపిల్లల డాక్టరు, గదిలో పిల్లలు ఏడుస్తుంటే సూది తీసి వంద నుంచి వెనక్కి లెక్కపెట్టిస్తుందట, నలభై వచ్చేసరికి ఏడుపు ఆగుతుందట. ఇదేమైనా ట్యూబు నేర్పిందా? ఇది నాదే కదా, అనుకుంది ఆవిడ, అనుకున్నాక మనసు కొంచెం కుదుటపడింది. ఉత్తరం రెండో వాక్యం కూడా వచ్చింది. తప్పయితే తప్పని రాసుకోవచ్చు, ఈ పద్నాలుగు వారాలూ ఆ మురికేమిటో వెతుక్కోవచ్చు, అదీ పనే, నిజానికి మంచి పని. ఏది వచ్చినా సరే, ఇవాళ తెలిసిపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా మోసిన బరువు గంటలో దిగిపోతుందంటే ఆవిడకి అకస్మాత్తుగా హుషారు వచ్చింది, లేచి బల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది, తొందరమ్మ వింతగా చూసింది.

యాభై రెండు. నలభై ఏడు. నలభై మూడు.

నలభై రాగానే తొందరమ్మ మూత మీద చెయ్యి వేసి ఆగింది, ఆవిడ తల ఊపాక విప్పింది. కడ్డీతో పడవని లాగింది. పలకని చిన్న పట్టకారుతో పట్టుకుని నాలుగు మూలలా తీగలు అంటించి అయస్కాంతం మధ్యలో పెట్టింది, ఎప్పుడూ లేనిది తొందరమ్మ చేతులు ఇవాళ నెమ్మదిగా కదులుతున్నాయి, నెమ్మదించమని రెండేళ్ళు మొత్తుకుంటే గోడకి చెప్పుకున్నట్టయిందే, ఇవాళ చూడు. మేస్త్రి స్టూలు దిగి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆవిడ కొలత అంకె వచ్చే తెర వైపు చూడలేదు, అమ్మాయి మొహం వైపు చూసింది. అమ్మాయి తెరకి ఇంకా దగ్గరగా వంగింది.

"ఎంత?"

"నూట యాభై ఎనిమిది."

"తీగలు తప్పు పెట్టి ఉంటావు. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. నూట యాభై ఏడు. ఆవిడే తొందరమ్మని పక్కకి జరిపి, కళ్ళజోడు సరిచేసుకుని, తన చేత్తో అంటించి కొలిచింది. నూట యాభై ఎనిమిది.

సంతోషం ఎక్కడి నుంచి మొదలై ఎక్కడిదాకా వచ్చిందో తెలియలేదు, స్టూలు వెతుక్కుని కూర్చుంది. పద్ధతి తనదే. మొదటి నుంచీ తనదే. మూడో సమీక్షకుడు తప్పు, ఆ తప్పుని నమ్మిన తనూ తప్పు, ఆ పాల రంగు గొట్టం అదృష్టమూ కాదు గొప్పా కాదు, తన మలినమంతా పొరలోకి వదులుతూ, ఎలక్ట్రాన్ల కాళ్ళకి అడ్డం పడుతూ, ఇన్నేళ్ళూ ఆవిడ పొరల్ని నూట పన్నెండు దగ్గర పట్టి ఆపింది. పట్టి ఆపినదాన్ని కాపలా కాసింది ఎవరు? తనే. కడగనివ్వకుండా, మార్చనివ్వకుండా, తలుపు తట్టి మరీ పలకరించి! సంతోషం మధ్యలో ఇది చురుక్కుమంది, అయినా సంతోషమే ఎక్కువగా ఉంది, ఆవిడకి నవ్వు వచ్చేసింది.

"ఆ పాత ట్యూబు ఎందుకు మార్చలేదో తెలుసా నీకు?" అంది తొందరమ్మతో.

"అదృష్టమని కదా మేడం?"

"అదృష్టం కాదు, గాడిదగుడ్డు కాదు. భయం. గొప్పంతా దానిదే, నాదేం లేదని తేలిపోతుందేమోనని భయం." పైకి అనేసింది, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. అన్నాక గదిలో ఏమీ కూలిపోలేదు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు మేస్త్రి.

"మీకేం తెలుసు?"

"భయపడుతున్నారని. అందుకే అడగడం ఏడాదికొక్కసారే అడిగేవాణ్ణి, రెట్టించలేదు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. కళ్ళజోడు అద్దాల వెనక ఆయన కళ్ళు మసకబారి నీలంగా ఉన్నాయి, సన్న పని చూపుకి ఆనక ఐదారేళ్ళయిందని ఆయనే చెబుతాడు. "మరి ఈ చూపుతో, నెల తిరక్కుండా ఇంత మంచి ట్యూబు ఎలా చేశారు మేస్త్రీ?"

"ఇప్పుడు చేసింది కాదమ్మా ఇది. అప్పట్లో ఎవరో ఏదో రాశారని మీరు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగారు చూడండి, ఆ వారం చేసి పెట్టా. ఇవాళో రేపో అడుగుతారు కదా అని."

"ఎక్కడ పెట్టారు?"

"మా గాజు గదిలో. ఈ గోడకి అవతల, అలమారలో."

తొందరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ గోడని చూసింది. జానెడు మందం గోడ. ఇరవై ఆరేళ్ళు నూట యాభై ఎనిమిది దాని అవతల గుడ్డ చుట్టుకుని పడుకుంది, అడిగితే మేస్త్రి లేచి రెండంగల్లో తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వి నవ్వి కళ్ళజోడు తీసేసింది, కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నది నవ్వుకో దేనికో ఆ ఇద్దరూ అడగలేదు.

"ఇంకా ఏమేం ఉన్నాయి ఆ అలమారలో?" అంది చివరికి.

మేస్త్రి కొంచెం మొహమాటపడ్డాడు. "ఇంకొక్కటుందమ్మా. దీనికి రెండింతల వెడల్పు. ఎప్పుడైనా పెద్ద పొర వేస్తానంటారేమోనని చేశా. మీరు అడగలేదు."

"అడుగుతున్నాను మేస్త్రీ," అంది ఆవిడ లేచి నిలబడుతూ. "ఇవ్వండి."